దేశం దాటిన చక్రాల కుర్చీ

1992లో అమెరికాలో ఒక తండ్రీ కొడుకూ పడమటి సముద్రపు ఒడ్డున శాంటా మోనికాలో బయలుదేరి, తూర్పు తీరంలో ఉన్న బోస్టన్ చేరారు. మొత్తం 3,735 మైళ్ళు. మన లెక్కలో ఆరు వేల కిలోమీటర్ల పైమాటే. శ్రీనగర్ నుంచి మన హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉంది కదా, ఆ చివర నుంచి ఈ చివర దాకా కలిపినా సుమారు నాలుగు వేల కిలోమీటర్లే. దానికి ఒకటిన్నర రెట్లు. కొంత దూరం పరుగు, కొంత దూరం సైకిలు. 45 రోజులు పట్టింది. మధ్యలో ఒక్క రోజు కూడా ఆగలేదు. అంటే రోజుకు సగటున 130 కిలోమీటర్ల పైనే.

తండ్రి పేరు డిక్ హోయ్ట్. కొడుకు రిక్. అప్పటికి తండ్రికి యాభై దాటాయి, కొడుకుకి ముప్ఫై. రిక్ నడవలేడు. చేతులు తన స్వాధీనంలో ఉండవు. నోటితో మాట్లాడలేడు. పరుగెత్తేటప్పుడు తండ్రి అతని బండిని తోశారు, సైకిలు తొక్కేటప్పుడు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తొక్కారు.

ఈ కథ చదివిన వాళ్ళందరూ ఆ తండ్రి కాళ్ళ బలం గురించి మాట్లాడతారు. నాకు మాత్రం ఇంట్లో పని చేసుకునే మనిషికి వచ్చే అనుమానాలే వచ్చాయి. ఆ అబ్బాయికి నోరు తెరిచి తినడం ఎవరు నేర్పారు? తనకి పరుగుకి వెళ్ళాలని ఉందని అతను అసలు ఎలా చెప్పాడు? మాట్లాడలేని పిల్లవాడి మనసులో మాట బయటికి రావడానికి ఎన్నేళ్ళు పట్టింది? ఆ ప్రశ్నలు పట్టుకుని వెనక్కి వెళ్తే, అసలు ప్రయాణం 1992లో మొదలవలేదని అర్థమైంది. అది 1962లోనే మొదలైంది.

1962 జనవరిలో రిక్ పుట్టాడు. కాన్పు సమయంలో బొడ్డుతాడు మెడకి చుట్టుకుని మెదడుకి ప్రాణవాయువు అందలేదు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. డాక్టర్లు ఆ తల్లిదండ్రులకి చెప్పిన సలహా ఏమిటంటే, వీడు కాయగూరలా పడి ఉంటాడు తప్ప ఏమీ తెలియదు, ఏదైనా సంస్థలో చేర్పించి మీ బతుకు మీరు బతకండి అని. ఆ రోజుల్లో అక్కడ అది క్రూరమైన మాట కాదు, మామూలు సలహానే. చాలా మంది అలాగే చేసేవారు కూడా.

డిక్, జూడీ ఒప్పుకోలేదు. వాళ్ళు గమనించింది ఒక్కటే. తాము గదిలో ఎటు నడిస్తే పిల్లవాడి కళ్ళు అటు తిరుగుతున్నాయి. ఏమీ తెలియనివాడి కళ్ళు మనుషుల వెంట ఎందుకు తిరుగుతాయి? అంతే వాళ్ళకున్న ఆధారం. ఇంటికి తెచ్చుకుని, మిగతా పిల్లల్ని పెంచినట్టే పెంచారు. తల్లి జూడీ గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి వాడి వేళ్ళకి తాకించి నేర్పింది. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకీ దాని పేరు రాసి అంటించింది.

ఇంట్లో ఇంత జరుగుతున్నా బయట ప్రపంచం నమ్మలేదు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఇంజినీర్ల దగ్గరికి వెళ్ళి, మా వాడు మాట్లాడడానికి ఏదైనా యంత్రం చేసిపెట్టండి అని అడిగితే, ఇతని మెదడులో ఏమీ జరగడం లేదు అన్నారట. అయితే ఒక జోకు చెప్పి చూడండి అన్నారు తల్లిదండ్రులు. చెప్పారు. రిక్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో పని మొదలైంది. 5,000 డాలర్ల ఖర్చుతో 1972లో ఒక కంప్యూటర్ తయారైంది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతూ పోతుంటాయి. తనకి కావలసిన అక్షరం వచ్చినప్పుడు రిక్ తలతో పక్కనున్న మీట నొక్కాలి.

ఇంటిల్లిపాదీ పందాలు కట్టుకున్నారు, మొదటి మాట 'అమ్మా' అంటాడా 'నాన్నా' అంటాడా అని. రిక్ రెండూ అనలేదు. బోస్టన్ ఐస్ హాకీ జట్టు బ్రూయిన్స్ ఆ ఏడు ఫైనల్స్‌లో ఆడుతోంది. 'బ్రూయిన్స్, కానివ్వండి!' అని రాశాడు. పదేళ్ళ పాటు నోరు లేక కూర్చున్న పిల్లవాడు, ఇంట్లో అందరితో పాటు ఆటలన్నీ చూస్తూనే ఉన్నాడన్నమాట. నాకు ఈ కథ మొత్తంలో ఆరు వేల కిలోమీటర్ల కంటే ఈ ఒక్క మాటే పెద్దదిగా కనిపిస్తుంది.

అక్కడితో ఆగినా అది ఒక ఇంటి కథే అయ్యేది. కానీ బడి కావాలి కదా. వీణ్ణి మేం చేర్చుకోలేం అని బడులు అంటుంటే జూడీ ఇల్లు దాటింది. అంగవైకల్యం ఉన్న పిల్లలకి కూడా ప్రభుత్వ బడుల్లో చదువు చెప్పాలంటూ మసాచుసెట్స్ రాష్ట్రంలో 1972లో ఒక చట్టం వచ్చింది. దాని కోసం కష్టపడిన తల్లుల్లో జూడీ ఒకరు. 1975లో దేశం మొత్తానికీ అలాంటి చట్టం వచ్చింది. ఆ ఏడాదే పదమూడేళ్ళ రిక్ మామూలు బడిలో అడుగు పెట్టాడు. తర్వాత 1993లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ కూడా తీసుకున్నాడు.

ఇక పరుగు సంగతి. 1977లో రిక్‌కి పదిహేనేళ్ళు. ప్రమాదంలో శరీరం చచ్చుబడిన ఒక కాలేజీ ఆటగాడి సహాయార్థం అయిదు మైళ్ళ పరుగు పెడుతున్నారని తెలిసింది. రిక్ తండ్రిని అడిగాడు, మనం కూడా వెళ్దాం అని. తండ్రి పరుగెత్తేవాడేమీ కాదు. అయినా మామూలు చక్రాల కుర్చీనే తోసుకుంటూ పరుగెత్తారు. చివరి నుంచి రెండోవాళ్ళుగా వచ్చారు. ఆ రాత్రి ఇంటికొచ్చి రిక్ కంప్యూటర్ మీద రాసిన మాట తర్వాత ప్రపంచమంతా చెప్పుకుంది. పరుగెత్తుతున్నప్పుడు నాకు వైకల్యం ఉన్నట్టే అనిపించలేదు నాన్నా అని.

గమనించండి, అడిగింది కొడుకు. తండ్రి లాక్కెళ్ళలేదు.

కానీ లోకం అలా అనుకోలేదు. పోటీల వాళ్ళు వీళ్ళని దగ్గరికి రానివ్వలేదు. ఇంకా బాధ కలిగించే సంగతి, అలాంటి పిల్లలున్న ఇతర కుటుంబాల నుంచే తిట్లు వచ్చాయి. నీ పేరు కోసం ఆ పిల్లవాణ్ణి ఎందుకు ఈడ్చుకు తిరుగుతున్నావు అని. వాడే నన్ను ఈడ్చుకు తిరుగుతున్నాడని వాళ్ళకి తెలియదు అనేవారు డిక్. 1981లో బోస్టన్ మారథాన్‌లో అధికారికంగా చోటు దొరక్కపోయినా వెనకాల పరుగెత్తి పూర్తి చేశారు. చోటు కావాలంటే రిక్ వయసు వాళ్ళకి పెట్టిన సమయంలో మరో మారథాన్ పూర్తి చేసి చూపించమన్నారు. అంటే నలభై దాటిన మనిషి కుర్చీ తోసుకుంటూ ఇరవై ఏళ్ళ కుర్రాడి సమయంలో రావాలి. 1983లో ఆ పరుగును 2 గంటల 45 నిమిషాల చిల్లరలో పూర్తి చేసి చూపించారు.

ఈ చరిత్ర అంతా చదువుతుంటే నాకు మన పల్లకీలు గుర్తొచ్చాయి. నవ్వకండి. ఒకప్పుడు జమీందారులు, మఠాధిపతులు, పెళ్ళికూతుళ్ళు పల్లకీల్లో తిరిగారు. బోయీలు మోసేవారు. పల్లకీలో కూర్చున్న మనిషి కాళ్ళు బాగానే ఉండేవి, అయినా నడిచేవాడు కాదు. ఆయన్ని చూసి ఎవరూ అయ్యో పాపం అనలేదు. పైగా లేచి నిలబడి దండం పెట్టారు. పదహారో శతాబ్దం చివర స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కి కీళ్ళవాతం వస్తే, చక్రాలున్న కుర్చీ చేయించారు. కాళ్ళు చాపుకునే పలక, వెనక్కి వాలే వీపు, తోయడానికి సేవకులు. అదీ గౌరవమే. ఒకరు మోయడం, ఒకరు కూర్చోవడం అనేది ఎప్పుడూ తలవంపు కాలేదు, కూర్చున్నవాడికి డబ్బూ అధికారం ఉంటే. అదే పని ఒక మామూలు పిల్లవాడి కోసం జరిగితే మాత్రం 'భారం' అనే మాట వస్తుంది.

తనంతట తాను కదిలే కుర్చీ తయారుచేసుకున్నది రాజులు కాదు, ఒక గడియారాల పనివాడు. 1655లో జర్మనీలోని న్యూరెంబర్గ్ దగ్గర స్టీఫన్ ఫార్ఫ్లర్ అనే నడవలేని యువకుడు, చేత్తో తిప్పితే నడిచే మూడు చక్రాల బండి చేసుకున్నాడు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో బాత్ అనే ఊళ్ళో వేడినీటి స్నానాలకి వచ్చే జబ్బు మనుషుల కోసం తోపుడు కుర్చీలు వచ్చాయి. అయితే మనం ఇవాళ ఆసుపత్రిలో, రైల్వే స్టేషన్లో చూసే మడతపెట్టే ఇనుపగొట్టాల కుర్చీ 1930లలో వచ్చింది. హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే గనుల ఇంజినీరు 1918లో ప్రమాదంలో నడుము కింద స్పర్శ పోగొట్టుకున్నాడు. కారులో పట్టే కుర్చీ ఒక్కటీ దొరకలేదు. స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్ మెకానికల్ ఇంజినీరు. ఇద్దరూ కలిసి మడిచి కారులో పెట్టుకునే కుర్చీ చేశారు. చూడండి, మడత ఎందుకు కావలసి వచ్చింది? ఇల్లు దాటి వెళ్ళడానికి.

ఆ కుర్చీ తారు రోడ్డు మీద, నున్నటి గచ్చు మీద పోతుంది. కొండదారిలో? దానికి కూడా ఒక కుటుంబమే జవాబు కనిపెట్టింది. ఫ్రాన్సులో జోయెల్ క్లోదెల్ అనే ఆయన కొండల్లో యాత్రికులకి దారి చూపించే వృత్తిలో ఉండేవాడు. ఆయన మేనల్లుడికి కండరాల జబ్బు. వాణ్ణి కూడా కొండల్లో తిప్పాలని 1987లో ఒకే చక్రం ఉన్న కుర్చీ తయారుచేశాడు. ముందు ఒక మనిషి పట్టుకు లాగుతాడు, వెనక ఒక మనిషి తూకం నిలుపుతూ తోస్తాడు. దారి ఎంత ఇరుకైనా ఒక్క చక్రం పట్టే చోటుంటే చాలు. ఆయన పేరు మీదే దాన్ని జోయెలెట్ అంటున్నారు. బొమ్మ చూస్తే మీకు కూడా తోస్తుంది, ఇది అచ్చం మన డోలీకి మధ్యలో చక్రం బిగించినట్టే ఉందే అని.

డోలీ అంటే మనకి రెండు రకాలు. శబరిమలలో పంబ నుంచి సన్నిధానానికి ముసలివాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోస్తారు, అదొకటి. రెండోది మన ఏజెన్సీ డోలీ. పాడేరు వైపు కొండల మీద గూడేల్లో, రోడ్డు లేని చోట, నిండు గర్భిణిని దుప్పటిలో పడుకోబెట్టి, దుప్పటి కొసలు కర్రకి కట్టి, ఇద్దరు భుజాల మీద మోసుకుంటూ అంబులెన్సు వచ్చే చోటి దాకా కిలోమీటర్ల కొద్దీ నడుస్తారు. ఆ ఫొటోలు పేపర్లో మీరూ చూసే ఉంటారు. అక్కడ ఎవరికీ ప్రేమ తక్కువై కాదు. మోసే భుజాలకి కొరత లేదు. లేనిది రోడ్డు. అందుకే ఆ ఫొటో కింద 'మానవత్వం' అని రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎంత గొప్ప ప్రేమైనా రోడ్డు చేసే పని చెయ్యలేదు.

అమెరికాలోనూ ఇదే నడిచింది. హోయ్ట్‌లు దేశం దాటడానికి రెండేళ్ళ ముందు, 1990 మార్చి 12న, వాషింగ్టన్‌లో వాళ్ళ పార్లమెంటు భవనం ముందు అరవై మందికి పైగా తమ చక్రాల కుర్చీలు కింద వదిలేసి, ఆ మెట్ల మీద చేతులతో పాకుతూ పైకి వెళ్ళారు. వాళ్ళలో జెన్నిఫర్ కీలన్ అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. ఆమెకీ సెరిబ్రల్ పాల్సీ. ఆ ఏడాది జూలై 26న వికలాంగుల హక్కుల చట్టం మీద సంతకం పడింది. బస్సులు, భవనాలు, దుకాణాలు అందరికీ అందేలా ఉండాలని ఆ చట్టం చెప్పింది.

మన దేశంలో మొదటి చట్టం 1995లో వచ్చింది. పద్ధెనిమిదేళ్ళ దాకా ఉచిత చదువు అని అందులోనే ఉంది. 2016లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది, 21 రకాల వైకల్యాలని గుర్తించింది. 2015 డిసెంబరు 3న సుగమ్య భారత్ అని కేంద్రం ఒక కార్యక్రమం కూడా పెట్టింది. ఇవన్నీ కాగితం మీద ఎలా ఉన్నాయి, వీధిలో ఎలా ఉన్నాయి అని సుప్రీంకోర్టుకే అనుమానం వచ్చి, మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్ళని పరిశీలించమంది. వాళ్ళ నివేదిక చూశాక 2024 నవంబరు 8న కోర్టు తీర్పు చెప్పింది. సలహాలుగా ఉంటే సరిపోదు, తప్పనిసరి నిబంధనలు పెట్టండి అని కేంద్రానికి మూడు నెలల గడువు ఇచ్చింది. 'వీలైతే చెయ్యండి'కి, 'చెయ్యాలి'కి ఎంత తేడా ఉందో ఇల్లు నడిపేవాళ్ళకి వేరే చెప్పాలా?

ఇంతకీ ఈ చరిత్ర నేను ఎందుకు తవ్వానంటే, మా ఆడపడుచు కొడుక్కి పదమూడేళ్ళు. చక్రాల కుర్చీలోనే ఉంటాడు. మాటలు మాత్రం వాడి దగ్గరే కొనుక్కోవాలి. పోయిన మాఘమాసంలో అరుణాచలం వెళ్దామనుకున్నప్పుడు వాడు, గిరి ప్రదక్షిణ నేనూ చేస్తాను, ఆటోలో కాదు, అందరితో పాటు రోడ్డు మీద అన్నాడు. 14 కిలోమీటర్లు. మా పెద్దత్తగారు, "ఎందుకమ్మా వాణ్ణి అంత హైరానా పెట్టడం, టీవీలో చూపిస్తే పోలా" అన్నారు. మా ఆడపడుచు ఒకటే మాట చెప్పింది. "వాడే అడిగాడు పెద్దమ్మా."

పౌర్ణమి రద్దీ వద్దని మామూలు రోజు ఎంచుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టాం. తోయడం అంటే బలం అనుకుంటాం కానీ సగం చూపు. ముందున్న చిన్న చక్రాలు ఒక్క గుంతలో పడ్డా మనిషి ముందుకు తూలతాడు. అందుకని గుంత రాగానే కుర్చీని కాస్త వెనక్కి వంచి పెద్ద చక్రాల మీద నడపాలి. దిగుడు వస్తే కుర్చీని వెనక్కి తిప్పి మనం ముందు దిగాలి. మా వారు, మా ఆడపడుచు భర్త, నేను, వంతులు వేసుకున్నాం. ఆరు గంటలు పట్టింది.

దారిలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు ఆగి మా ఆడపడుచుకి చేతులు జోడించారు. నీ ఓపికకి దండం తల్లీ అన్నారు. ఒకాయన ఏమీ అనకుండా వచ్చి వాడి ఒళ్ళో పది రూపాయల నోటు పెట్టి వెళ్ళిపోయాడు. మా అందరి మొహాలూ మాడిపోయాయి. ఆయన్ని పిలిచి ఇచ్చేద్దామనుకునే లోపు జనంలో కలిసిపోయాడు. వాడు ఆ నోటు అటూ ఇటూ తిప్పి చూసి, "అత్తా, ఇంకొకాయన వస్తే అందరికీ టీ అయిపోతుంది" అన్నాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న మా ఆడపడుచు పగలబడి నవ్వింది, కళ్ళ నీళ్ళతోనే.

తర్వాత ఆలోచిస్తే, దండం పెట్టినవాళ్ళూ డబ్బు పెట్టినాయనా అందరూ మంచివాళ్ళే. కానీ ఒక్కరూ వాడితో మాట్లాడలేదు. అందరూ తల్లిని చూశారు, కుర్చీని చూశారు. రిక్ విషయంలోనూ ఇదే జరిగింది. తండ్రిని తిట్టినవాళ్ళూ తండ్రినే చూశారు, పొగిడినవాళ్ళూ తండ్రినే చూశారు. కొడుకు అడిగాడు కాబట్టే ఇదంతా జరిగిందన్న సంగతి పక్కకి పోయింది. కొడుకు అడగగలిగాడంటే అక్షరాలు కత్తిరించిన తల్లి వల్ల అన్న సంగతి ఇంకా పక్కకి పోయింది. జూడీ 2010లో చనిపోయింది. డిక్, రిక్ బొమ్మ మారథాన్ మొదలయ్యే హాప్కింటన్ ఊళ్ళో ఉంది, 2013 ఏప్రిల్ 8న పెట్టారు. బాగుంది. జూడీకి విగ్రహం అక్కర్లేదు గానీ, ఈ కథ చెప్పేటప్పుడు ఆమె పేరు కూడా చెప్పుకుంటే బాగుంటుంది.

ఆ విగ్రహం పెట్టిన వారానికే బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి. ఆ పరుగే తమ చివరిది అనుకున్న తండ్రీకొడుకులు గమ్యం చేరకుండానే దారిలో ఆగిపోవాల్సి వచ్చింది. అలా వదిలెయ్యకూడదని మరుసటి ఏడాది, 2014లో, మళ్ళీ వచ్చి పూర్తి చేశారు. డిక్ 2021 మార్చిలో పోయారు, ఎనభై ఏళ్ళకి. రిక్ 2023 మేలో పోయాడు, అరవై ఒకటికి. మీ నాన్నకి నువ్వు ఒకటి ఇవ్వగలిగితే ఏమిస్తావు అని ఎవరో అడిగితే, ఆయన్ని ఈ కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కసారి నేను తోస్తాను అన్నాడట రిక్. శ్రవణకుమారుడి కథ విని పెరిగినవాళ్ళం, ఆ కోరిక మనకి ఇట్టే అర్థమవుతుంది.

దేశాలు దాటడం అందరికీ కుదరదు, అక్కర్లేదు కూడా. మీ అపార్టుమెంటు గుమ్మం దగ్గర ఎన్ని మెట్లున్నాయో ఒకసారి టేపు పెట్టి కొలవండి. చక్రాల కుర్చీకి వేసే వాలుదారికి లెక్క ఏమిటంటే, అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అంతకంటే నిటారుగా వేస్తే అది చూపించుకోవడానికే, తోయడానికి పనికిరాదు. మా మెట్లు మూడు, ఒక్కొక్కటి ఆరంగుళాలు. అంటే పద్ధెనిమిది అడుగుల వాలు కావాలి. స్కూటర్లు పెట్టే జాగా కాస్త సర్దితే సరిపోతుందని కొలిచి, కాగితం మీద గీసి, పోయిన ఆదివారం మా అసోసియేషన్ మీటింగులో ఇచ్చాను. వచ్చే మీటింగుకి మా ఆడపడుచు కొడుకే వచ్చి మాట్లాడతానంటున్నాడు. వాణ్ణి పైకి ఎలా తీసుకురావాలా అని ఇప్పుడు కమిటీ వాళ్ళు ఆలోచిస్తున్నారు.